ఫోర్డ్ ట్రాన్సిట్ కనెక్ట్: యూరప్ చిన్న వ్యాన్‌ని అమెరికాకి ఎలా మలిచారు? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చిన్న వ్యాపారం చేసుకునే మనవాళ్ళు, ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఈ వ్యాన్ గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి జవాబులన్నీ ఒకచోట ఉండాలని ఇది రాశాను. ఎక్కువ భాగం మొదటి తరం ట్రాన్సిట్ కనెక్ట్ గురించే. ఒక బండిని దేశం మార్చినప్పుడు ఏమేం మారతాయో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు ఇంకొకటి కనబడలేదు.

అసలు ఈ ట్రాన్సిట్ కనెక్ట్ ఎక్కడి బండి?

పేరు అమెరికన్ కంపెనీదే కానీ పుట్టుక, పెంపకం అంతా యూరప్‌వి. యూరప్ మార్కెట్ కోసం 2002లో విడుదలైంది. టర్కీలోని కొజాయెలిలో ఫోర్డ్ ఒటోసాన్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. 2003కి ఇంటర్నేషనల్ వ్యాన్ ఆఫ్ ది ఇయర్ అవార్డు అందుకుంది. ముందు చక్రాలతో నడిచే బండి, పొట్టి ముక్కు, ఎత్తయిన కప్పు, రెండు పక్కలా జరిగే తలుపులు, వెనక రెండుగా విచ్చుకునే తలుపులు. యూరప్ నగరాల్లో ఇరుకు వీధుల్లో తిరిగే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, పూలకొట్ల వాళ్ళు, పోస్టు వాళ్ళు వాడుకునే రకం.

2008 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో అమెరికా మోడల్‌ని చూపించారు. 2009లో, 2010 మోడల్‌గా అమ్మకాలు మొదలయ్యాయి. 2010 జనవరిలో డెట్రాయిట్‌లో నార్త్ అమెరికన్ ట్రక్ ఆఫ్ ది ఇయర్ కూడా అయింది. పెద్ద పెద్ద పికప్‌లకి వెళ్ళే ఆ అవార్డు ఇంత చిన్న నాలుగు సిలిండర్ల వ్యాన్‌కి రావడం చిన్న విషయం కాదు.

అప్పటిదాకా అమెరికాలో చిన్న వ్యాన్లు లేవా?

సరుకు కోసమే కట్టిన చిన్న వ్యాన్లు లేవనే చెప్పాలి. పని వ్యాన్ అంటే ఫోర్డ్ ఈ-సిరీస్, షెవీ ఎక్స్‌ప్రెస్ లాంటి పెద్ద బండ్లే. వాటిలో చాలావరకు ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్లు. నగరంలో గ్యాలన్‌కి 15 మైళ్ళు రావడం కూడా కష్టం. కాస్త చిన్నదైన షెవీ ఆస్ట్రో 2005లో ఆగిపోయింది. రెండు మూడు పెట్టెల సామాను, ఒక నిచ్చెన వేసుకుని రోజంతా ఊరు తిరిగే తాళాల రిపేరు మనిషి కూడా ఆ పెద్ద బండికే పెట్రోలు పోయాల్సి వచ్చేది.

2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు గ్యాలన్ 4 డాలర్లు దాటింది. సరిగ్గా ఆ ఏడాదే ఈ వ్యాన్ వస్తోందన్న కబురు వచ్చింది. 135 ఘనపుటడుగుల చోటు, 1,600 పౌండ్ల బరువు, అంటే దాదాపు 725 కేజీలు మోసే శక్తి, నగరంలో 22 మైళ్ళు, హైవే మీద 25 మైళ్ళు. ధర సుమారు 21,000 డాలర్ల నుంచి. చిన్న వ్యాపారి లెక్కలకి ఇవి సరిపోయే అంకెలు.

యూరప్‌లోనూ స్టీరింగ్ ఎడమ వైపే కదా. ఓడ ఎక్కిస్తే సరిపోదా?

అందరూ ముందు అడిగేది ఇదే. సరిపోదు. స్టీరింగ్ అసలు సమస్యే కాదు, రెండు చోట్లా చట్టాల పద్ధతే వేరు. యూరప్‌లో ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలోని నిబంధనల ప్రకారం ప్రభుత్వ సంస్థ బండిని పరీక్షించి ముందుగానే ఆమోదం ఇస్తుంది. అమెరికాలో ప్రమాణాలు ప్రభుత్వం రాస్తుంది, మా బండి వాటికి సరిపోతుందని కంపెనీయే ధ్రువీకరించుకోవాలి. ఆ తర్వాత తేడా దొరికితే రీకాల్ (అమ్మిన బండ్లని వెనక్కి పిలిచి సరిచేయడం), జరిమానా. యూరప్ ఆమోద పత్రం అమెరికాలో చెల్లదు.

కంటికి కనబడే మార్పులతో మొదలుపెడితే, అమెరికాలో ప్రతి బండికీ పక్కల దీపాలు, రిఫ్లెక్టర్లు ఉండాలి. ముందు మూలల్లో కాషాయ రంగు, వెనక మూలల్లో ఎరుపు. హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద పడే తీరు వేరు. డ్రైవరు వైపు అద్దం చదునుగానే ఉండాలి, యూరప్‌లో వాడే వంపు అద్దం ఆ పక్కన కుదరదు. కుడి పక్క వంపు అద్దం పెడితే, అందులో కనిపించే వస్తువులు కనిపించేదానికన్నా దగ్గరగా ఉన్నాయని దాని మీద రాసి ఉండాలి. స్పీడోమీటరు మైళ్ళలో. టైర్లలో గాలి తగ్గితే చెప్పే వ్యవస్థ తప్పనిసరి. 2018 మే నుంచి ఈ సైజు బండ్లన్నిటికీ వెనక కెమెరా కూడా.

కనబడనివి ఇంకా కష్టం. యూరప్ క్రాష్ టెస్టుల్లో బొమ్మలన్నీ సీటు బెల్టు పెట్టుకునే కూర్చుంటాయి. అమెరికా ప్రమాణంలో బెల్టు పెట్టుకోని బొమ్మతో గోడకి గుద్దే పరీక్ష కూడా ఉంది. అంటే ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే మనిషిని కాపాడాలి. దానికోసం బ్యాగు సైజు, అది విచ్చుకునే వేగం, మోకాళ్ళు తగిలే చోటు, డాష్‌బోర్డు లోపలి నిర్మాణం అన్నీ మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది. బయటినుంచి చూస్తే అదే డాష్‌బోర్డు, లోపల మాత్రం అది కాదు.

ఇంధనం ట్యాంకు విషయం కూడా అంతే. వెనకనుంచి గంటకి 80 కిలోమీటర్ల వేగంతో, వెడల్పులో 70 శాతం మేర ఒక బరువైన బండి గుద్దినా పెట్రోలు నిర్ణీత మోతాదుకి మించి కారకూడదు. పెట్రోలు ఆవిరి బయటికి పోకూడదు. బంకులో పోయించుకునేటప్పుడు వచ్చే ఆవిరిని కూడా బండే పట్టి ఉంచుకోవాలి. దానికి బొగ్గు నింపిన పెద్ద డబ్బా కావాలి, దానికి చోటు కావాలి. డీజిల్ కోసం గీసుకున్న బండిలో ఆ చోటు వెతకడమే ఒక పని.

యూరప్‌లో డీజిల్‌తో బాగానే నడిచింది. అమెరికాలో ఎందుకు తీసేశారు?

డబ్బు, కాలుష్య నిబంధనలు. అమెరికా నిబంధనలు డీజిల్‌నీ పెట్రోల్‌నీ ఒకే గాటన కట్టి చూస్తాయి. నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి యూరప్‌లో అప్పట్లో ఉన్నదానికన్నా చాలా కఠినం. యూరప్ 1.8 లీటర్ల డీజిల్‌ని ఆ పరిమితికి దింపాలంటే పొగ శుద్ధి చేసే ఖరీదైన పరికరాలు కావాలి. పైగా అమెరికాలో డీజిల్ ధర సాధారణంగా పెట్రోలు కన్నా ఎక్కువ. 21,000 డాలర్ల వ్యాన్‌లో ఆ ఖర్చు ఎప్పటికీ తిరిగి రాదు.

అందుకే 136 హార్స్‌పవర్ల 2.0 లీటర్ల పెట్రోలు ఇంజిన్ పెట్టారు. యూరప్‌లో ఐదు గేర్ల మాన్యువల్ ఉండేది. ఇక్కడ నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే. ఈ ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ అమెరికాలో అమ్మిన ఫోర్డ్ ఫోకస్ కుటుంబానివి. నా లెక్కన ఇది మంచి నిర్ణయం. నాలుగు గేర్ల ఆటోమేటిక్ అప్పటికే పాతది, హైవే ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది, నిజమే. కానీ చిన్న ఊళ్ళో మెకానిక్కి కూడా ఆ ఇంజిన్ తెలుసు, ఆ స్పేర్ పార్టులు దొరుకుతాయి. పని బండికి అంతకన్నా కావాల్సింది లేదు.

తర్వాత రెండో తరంలో, 2019 మోడల్‌కి 1.5 లీటర్ల డీజిల్ తెస్తామని ప్రకటించారు. అమ్మకానికి రాకముందే మానేశారు.

యూరప్‌లో రకరకాల సైజులున్నాయి. అమెరికాకి ఒక్కటే ఎందుకు తెచ్చారు?

పొడుగు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), ఎత్తు కప్పు ఉన్నది మాత్రమే తెచ్చారు. ప్రతి రకానికీ విడిగా పరీక్షలు, విడిగా స్టాకు. అదీకాక అమెరికన్ కొనుగోలుదారుడికి అతి చిన్నది అంటగట్టడం కష్టం. ఇక్కడ వ్యాన్‌ని కొలిచే కొలబద్ద నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు ఉన్న ప్లైవుడ్ షీటు. యూరప్ వ్యాన్లు 800 మిల్లీమీటర్లు ఇంటూ 1,200 మిల్లీమీటర్ల ప్యాలెట్‌ని మనసులో పెట్టుకుని గీసినవి. అమెరికా ప్యాలెట్ 48 అంగుళాలు ఇంటూ 40. వెనక చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు నాలుగడుగులకి అటూ ఇటూ ఒక అంగుళం తేడాలో ఉంటే, ఆ అంగుళమే వ్యాపారం.

లోపల ఇంకేం మార్చారు?

ఏసీ, కాఫీ కప్పులు పెట్టుకునే హోల్డర్లు, క్రూయిజ్ కంట్రోల్ లాంటివి సరే. ఆసక్తి కలిగించేది ఇంకొకటి. డాష్‌బోర్డులోనే ఇంటర్నెట్ ఉన్న చిన్న కంప్యూటరు ఆప్షన్‌గా ఇచ్చారు. బిల్లు అక్కడే తయారు చేయొచ్చు. డివాల్ట్ కంపెనీతో కలిసి టూల్ లింక్ అని ఇంకొకటి తెచ్చారు. పనిముట్లకి చిన్న రేడియో ట్యాగులు అంటిస్తే, సాయంత్రం బండి తీసేముందు ఏ డ్రిల్లు కస్టమర్ ఇంట్లో ఉండిపోయిందో తెర మీద చూపిస్తుంది. పనివాడి రోజు ఎలా గడుస్తుందో దగ్గరగా చూసిన వాళ్ళకే తట్టే ఆలోచన అది. షెల్ఫులు, నిచ్చెన ర్యాకులు, కేబిన్‌కీ సరుకుకీ మధ్య గోడ అమర్చే పని మాత్రం అమెరికాలో విడి కంపెనీలది. వాళ్ళని అప్‌ఫిట్టర్లు అంటారు.

కోడి సుంకం అంటే ఏమిటి? వ్యాన్‌కీ కోడికీ ఏం సంబంధం?

ఈ కథంతా తిరిగేది దీని చుట్టూనే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

1960ల మొదట్లో అమెరికా ఫారం కోళ్ళు చౌకగా పశ్చిమ జర్మనీ మార్కెట్‌లోకి వచ్చి పడ్డాయి. అక్కడి రైతులు గగ్గోలు పెట్టారు. 1962లో యూరోపియన్ ఉమ్మడి మార్కెట్ దిగుమతి కోళ్ళ మీద సుంకం పెంచింది. చర్చలు తెగలేదు. అమెరికాకి జరిగిన నష్టం 2.6 కోట్ల డాలర్లని అంతర్జాతీయ వాణిజ్య నిపుణుల సంఘం తేల్చింది. 1963 డిసెంబర్ 4న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బదులు సుంకం ప్రకటించారు. బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే జిగురు పదార్థం), బ్రాందీ, తేలికపాటి ట్రక్కులు, ఈ నాలుగింటి మీదా సుంకం పెంచారు. ట్రక్కుల మీద అది 25 శాతం. 1964 జనవరి నుంచి అమలు. ట్రక్కుల సుంకం దెబ్బ ముఖ్యంగా జర్మనీ నుంచి వచ్చే ఫోక్స్‌వాగన్ సరుకు వ్యాన్లకి, పికప్‌లకి తగిలింది.

మిగతా మూడింటి మీద సుంకం తర్వాత పోయింది. ట్రక్కుల మీద ఉండిపోయింది. కోళ్ళ తగాదా మర్చిపోయిన తరానికి కూడా ఆ సుంకం మిగిలింది. సరుకు వ్యాన్ ఈ చట్టం దృష్టిలో ట్రక్కే. ఈ కథ జరిగిన రోజుల్లో ప్రయాణికుల బండికి మాత్రం సుంకం 2.5 శాతమే.

లెక్క వేసి చూడండి. రేవులో విలువ 15,000 డాలర్లనుకుంటే, ప్రయాణికుల బండిగా కట్టాల్సింది 375 డాలర్లు. సరుకు బండిగా అయితే 3,750. ఒక్కో బండి మీద 3,375 డాలర్ల తేడా. చిన్న వ్యాన్‌లో అంత లాభం మిగలదు.

మరి ఫోర్డ్ ఏం చేసింది?

ప్రతి ట్రాన్సిట్ కనెక్ట్‌నీ ప్రయాణికుల బండిగా తయారు చేసి పంపింది. టర్కీలో ఎక్కేటప్పుడు ప్రతి దానికీ వెనక సీట్లు, సీటు బెల్టులు, వెనక కిటికీలు ఉండేవి. ఓడ బాల్టిమోర్ రేవుకి చేరేది. కస్టమ్స్‌లో 2.5 శాతం కట్టి బయటికి తెచ్చేవారు. తర్వాత రేవు దగ్గరే ఒక వర్క్‌షాపులో, సరుకు వ్యాన్లుగా ఆర్డరున్న వాటిని వరసగా నిలబెట్టి విప్పేవారు. వెనక సీటు బోల్టులు తీసి బయట పెట్టేవారు. బెల్టులు తీసేసేవారు. పక్క కిటికీ అద్దం ఊడదీసి, ఆ చోట రేకు ప్యానెల్ బిగించేవారు. కాళ్ళు పెట్టుకునే పల్లం మీద చదునుగా నేల పరిచేవారు. మనిషి ఒక్కసారి కూడా కూర్చోని ఆ సీట్లు ముక్కల యంత్రంలోకి వెళ్ళేవి. ఇనుము పాత ఇనుముకి, బట్ట, ఫోమ్ తునకలై చెత్త పోగుల మీద కప్పడానికి.

కోర్టు తీర్పుల్లో ఆ సీటు గురించి ఉన్న వివరాలు చదివితే ఇంకా బాధ కలుగుతుంది. పారేయడానికే కాబట్టి ఖర్చు తగ్గించిన సీటు. తల ఆనించే దిండు లేదు. లోపల ఒత్తు తగలకుండా వేసే తీగలు లేవు. మడత పెట్టి ముందుకి వాల్చే ఏర్పాటు లేదు. చవక బట్ట. బండి గుర్తింపు సంఖ్యలో (విన్ నంబరులో) ఆరో అంకె 6 గానీ 7 గానీ అయితే అది సరుకు వ్యాన్ కాబోతోందని ఫ్యాక్టరీలోనే తెలుసు. నిజంగా ప్రయాణికుల కోసం ఉంచేవాటికి 9.

ఒక మంచి బండిని శ్రద్ధగా కట్టిన కార్మికుల చేతే, సముద్రం దాటగానే తుక్కు చేసే సీటు కుట్టించడం నాకు ఎంతకీ మింగుడుపడదు. ఫోర్డ్‌ని తప్పు పట్టాలా, 1963 నాటి సుంకాన్ని అలాగే వదిలేసిన ప్రభుత్వాలని తప్పు పట్టాలా అంటే, నేను రెండోదానివైపే ఎక్కువ మొగ్గుతాను. ఇంత వ్యర్థం కన్నా సుంకం కట్టడమే లాభమయ్యేలా చట్టం ఉండాలి, లేదా సుంకమే పోవాలి.

ఇలా చేసింది ఫోర్డ్ ఒక్కటేనా?

ఈ సుంకం చుట్టూ దారులు వెతకడం పాత అలవాటే. 1970ల్లో జపాన్ నుంచి వచ్చే చిన్న పికప్‌లు, ఫోర్డ్ కొరియర్, షెవీ లవ్ లాంటివి, వెనక తొట్టి లేకుండా కేబిన్, ఛాసిస్‌గా వచ్చేవి. అలా అయితే సుంకం 4 శాతమే. ఇక్కడ తొట్టి బిగించేవారు. 1980లో ఆ దారి మూసేశారు. సుబారు బ్రాట్ పికప్‌కి వెనక తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు, వెనక్కి తిరిగి కూర్చునేలా బిగించి ప్రయాణికుల బండిగా తెచ్చారు. అలాంటిది ఒకటి రోనల్డ్ రీగన్ కాలిఫోర్నియా పొలంలో వాడేవారు.

మెర్సిడెస్ స్ప్రింటర్ దారి ఇంకా శ్రమతో కూడింది. సరుకు వ్యాన్లని జర్మనీలో పూర్తిగా కట్టి, మళ్ళీ ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిళ్ళు విడదీసి, బాడీలు వేరుగా, భాగాలు వేరుగా పంపి, సౌత్ కరోలినాలోని లాడ్సన్‌లో తిరిగి బిగించేవారు. చివరికి 2018లో అక్కడే చార్ల్స్‌టన్ ప్రాంతంలో సుమారు 50 కోట్ల డాలర్లతో పూర్తి ఫ్యాక్టరీ తెరిచారు. సుంకం వేసిన వాళ్ళు ఆశించింది అదే కావొచ్చు. కానీ అది స్ప్రింటర్ లాంటి ఖరీదైన, ఎక్కువ అమ్ముడుపోయే బండికే సాధ్యం.

నిస్సాన్ ఎన్‌వీ200కి ఈ గొడవే లేదు. మెక్సికోలోని క్వెర్నవాకాలో తయారై, ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం కింద సుంకం లేకుండా వచ్చేది. అదే బండిని షెవ్రొలే సిటీ ఎక్స్‌ప్రెస్ పేరుతో కూడా కొన్నాళ్ళు అమ్మారు. ఫియట్ డోబ్లో మాత్రం టర్కీలోని బుర్సా నుంచి, ర్యామ్ ప్రోమాస్టర్ సిటీ పేరుతో 2015 మోడల్‌గా వచ్చింది. దానికి 2.4 లీటర్ల ఇంజిన్, తొమ్మిది గేర్ల ఆటోమేటిక్ పెట్టారు. యూరప్‌లో అమ్మే విటో వ్యాన్‌ని మెర్సిడెస్ ఇక్కడ మెట్రిస్ అన్న పేరుతో, పెట్రోలు టర్బో ఇంజిన్‌తో అమ్మింది.

ఫోర్డ్ చేసింది చట్టబద్ధమేనా? కోర్టు ఏమంది?

ఈ ఒక్క ప్రశ్న తేలడానికి ఏళ్ళు పట్టింది. 2013లో కస్టమ్స్ శాఖ ఇవి సరుకు బండ్లే, 25 శాతం కట్టాలంది. ఫోర్డ్ కోర్టుకి వెళ్ళింది. 2017 ఆగస్టులో అంతర్జాతీయ వాణిజ్య కోర్టు ఫోర్డ్ పక్షాన తీర్పిచ్చింది. రేవులో దిగే క్షణంలో బండి ఎలా ఉందో అదే చూడాలి, దిగాక ఏం చేస్తారన్నది కాదు అన్నది ఆ కోర్టు మాట. 2019 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిరగ్గొట్టింది. చట్టంలో ఉన్న మాట ప్రకారం బండి ముఖ్యంగా మనుషుల్ని తీసుకెళ్ళడానికి రూపొందిందా అన్నది చూడాలి, ఆ మాటలోనే వాడకం ఉద్దేశం ఇమిడి ఉంది, కాబట్టి వచ్చీరాగానే సీట్లు పీకేయడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి అంది. 2020లో సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది.

2024 మార్చిలో ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని ప్రభుత్వంతో రాజీ పడింది. 2009 ఏప్రిల్ నుంచి 2013 మార్చి దాకా వచ్చిన బండ్ల గురించిన రాజీ అది. రాజీ కాబట్టి తప్పు చేసినట్టు నిర్ధారణ జరగలేదు.

న్యాయంగా చూస్తే అప్పీలు కోర్టు తర్కం నాకు బలంగానే కనిపిస్తుంది. దిండు లేని, మడత పడని సీటు చూపించి ఇది మనుషుల కోసమే అనడం కష్టం.

అమెరికాలోనే ఫ్యాక్టరీ పెట్టి తయారు చేయొచ్చు కదా?

పెద్ద ట్రాన్సిట్‌కి ఫోర్డ్ అదే చేసింది. 2014 నుంచి కాన్సాస్ సిటీ ప్లాంటులో తయారు చేస్తోంది. ఈ-సిరీస్ వ్యాన్ స్థానంలో వచ్చింది కాబట్టి దానికి గిరాకీ ఖాయం. ఫియట్ డ్యుకాటో ర్యామ్ ప్రోమాస్టర్‌గా మెక్సికోలోని సాల్టియోలో తయారైంది. చిన్న వ్యాన్‌కి ఆ సంఖ్యలు లేవు. ప్రెస్ అచ్చులు, వెల్డింగ్ లైను, పెయింట్ షాపు అన్నీ అంత తక్కువ బండ్ల మీద పంచితే ఒక్కో బండి ధర పెద్ద వ్యాన్ ధరకి చేరుతుంది. రెండో తరం ట్రాన్సిట్ కనెక్ట్ 2014 మోడల్ నుంచి స్పెయిన్‌లోని వాలెన్సియాలో తయారై వచ్చింది.

రెండో తరం మెరుగైందా?

నడపడానికి చాలా మెరుగు. ఆరు గేర్ల ఆటోమేటిక్, 2.5 లీటర్ల మామూలు ఇంజిన్ లేదా 1.6 టర్బో, రెండు వీల్‌బేస్‌లు, ఏడుగురు కూర్చునే వ్యాగన్. 2019 నుంచి ఎనిమిది గేర్లు, ముందు అడ్డం వస్తే తానే బ్రేకు వేసే వ్యవస్థ. కప్పు మాత్రం దించేశారు. మొదటి దానిలో వంగి అయినా లోపల నడిచి సామాను సర్దుకునేవాళ్ళకి అది లోటే. పనివాడి దృష్టిలో నాకు మొదటిదే గొప్ప రూపకల్పన.

ఎలక్ట్రిక్‌ది కూడా వచ్చిందంటారు, నిజమా?

వచ్చింది. అజ్యూర్ డైనమిక్స్ అనే కంపెనీ మొదటి తరం బండ్లని బ్యాటరీకి మార్చి కొద్ది సంఖ్యలో అమ్మింది. 2012లో ఆ కంపెనీ దివాలా తీసింది.

ఇప్పుడు కొత్తది ఎందుకు దొరకదు?

అమెరికాలో ఈ తరగతి మొత్తం కనుమరుగైంది. సిటీ ఎక్స్‌ప్రెస్ 2018తో, ఎన్‌వీ200 2021తో, ప్రోమాస్టర్ సిటీ 2022తో, ట్రాన్సిట్ కనెక్ట్, మెట్రిస్ 2023తో ఆగిపోయాయి. పెద్ద వ్యాన్ల మైలేజీ మెరుగుపడింది, ధరల తేడా తగ్గింది, ఒకేసారి చాలా బండ్లు కొని నడిపే ఫ్లీటు కంపెనీలు ఎందుకైనా మంచిదని పెద్దదే కొంటూ వచ్చాయి. అమ్మేవాళ్ళకి కూడా పెద్ద దానిలోనే లాభం. సుంకం నీడ ఎలాగూ ఉంది. నష్టపోయింది ఒక్క బండితో బతుకు నడిపే చిన్న వ్యాపారి. పూలు, కేకులు, తాళాలు, టీవీ కేబుళ్ళ పనికి 20 అడుగుల వ్యాన్ అక్కర్లేదు.

2025 ఏప్రిల్ నుంచి దిగుమతి కార్లు, లైట్ ట్రక్కుల మీద అదనంగా 25 శాతం వేశారు. తర్వాత దేశాలవారీ ఒప్పందాలతో ఆ అంకెలు మారుతూ వచ్చాయి. ఇలాంటి వాతావరణంలో చిన్న వ్యాన్‌ని మళ్ళీ ఓడ ఎక్కించే ధైర్యం ఎవరికైనా వస్తుందని నేను అనుకోవడం లేదు.

మన ఇండియా కంపెనీలు ప్రయత్నించలేదా?

మహీంద్రా 2010 ప్రాంతంలో తన డీజిల్ పికప్‌ని అమెరికాలో అమ్మాలని గట్టిగానే ప్రయత్నించింది. కాలుష్య అనుమతులదాకా వెళ్ళింది కానీ అమ్మకాలు మొదలవలేదు. ఇండియా నుంచి వచ్చే వాటికైతే వీటన్నిటితో పాటు స్టీరింగ్ మార్పు కూడా ఉంటుంది.

యూరప్ నుంచి డీజిల్ కనెక్ట్‌ని నేనే తెప్పించుకోవచ్చా?

బండి తయారై 25 ఏళ్ళు నిండితే అమెరికా భద్రతా ప్రమాణాలు వర్తించవు. కాలుష్య నిబంధనలకి ఆ గడువు 21 ఏళ్ళు, ఇంజిన్ అసలుదే ఉండాలి. 2002లో తయారైన తొలి బండ్లకి 2027లో ఆ వయసు వస్తుంది. అప్పుడు కూడా సరుకు వ్యాన్ అయితే 25 శాతం సుంకం తప్పదు. పాతదైనా ట్రక్కు ట్రక్కే. రిజిస్ట్రేషన్ రాష్ట్రం చేతిలో ఉంటుంది కాబట్టి డబ్బు పంపేముందు మీ రాష్ట్రం మోటారు వాహనాల శాఖని అడగండి.

ఇంటి దగ్గరనుంచి కేటరింగ్ చేస్తున్నాం. సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చా?

కొనొచ్చు. ఎత్తు కప్పున్న మొదటి తరం బండి ఈ పనికి చక్కగా సరిపోతుంది. రెండు పక్కలా తలుపులు జరుగుతాయి కాబట్టి ఫంక్షన్ హాల్ గోడ పక్కన ఆపినా బిర్యానీ గిన్నెలు రెండోవైపు నుంచి దించుకోవచ్చు. బరువు లెక్క మాత్రం ముందే వేసుకోండి. 725 కేజీల్లో మనుషులూ ఉన్నారు. ఇద్దరు ఎక్కితే ఓ 150 కేజీలు పోయినట్టే. షెల్ఫులు, ర్యాకులు కూడా అందులోంచే. సాంబారు, నీళ్ళ డబ్బాలు అనుకున్నదానికన్నా తొందరగా బరువు తింటాయి.

చూడాల్సినవి చెబుతాను. విన్ నంబరులో ఆరో అంకె చూస్తే బండి ఫ్యాక్టరీ నుంచి ఏ పనికి బయల్దేరిందో తెలుస్తుంది. సరుకు వ్యాన్‌గా మార్చినదైతే కిటికీ చోట బిగించిన ప్యానెల్ అంచుల చుట్టూ లోపలినుంచి చెయ్యి పెట్టి తడిమి చూడండి, నీళ్ళు దిగిన మరకలు, తుప్పు ఉంటే అక్కడే దొరుకుతాయి. వెనక నేల చెక్క ఎత్తి సీటు బోల్టుల రంధ్రాలు సరిగ్గా మూసి ఉన్నాయో లేదో చూడండి. జరిగే తలుపుల పట్టాలు డెలివరీ బండ్లలో బాగా అరుగుతాయి, పది సార్లు తెరిచి మూయండి. గేర్‌బాక్స్ వేడెక్కాక రెండు నుంచి మూడుకి మారేటప్పుడు కుదుపు ఉందేమో గమనించండి. రెండో తరం కొంటుంటే గేరు కేబుల్ బుషింగ్ రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకోవడం తప్పనిసరి. ఆ బుషింగ్ విరిగితే లివరు పార్కులో ఉన్నా బండి పార్కులో ఉండకపోవచ్చు. జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో విన్ నంబరు కొడితే మిగిలిపోయిన రీకాల్స్ ఉచితంగా తెలుస్తాయి. పని డీలరు ఉచితంగానే చేసిపెట్టాలి.

ఇన్సూరెన్స్ విషయంలో అశ్రద్ధ వద్దు. సొంత కారు పాలసీ మీద వంటలు డెలివరీ చేస్తే, ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ. కమర్షియల్ పాలసీ తీసుకోండి. ఆహారం తీసుకెళ్ళే బండికి మీ కౌంటీ ఆరోగ్య శాఖ ఏమడుగుతుందో కూడా ముందే కనుక్కోండి, ఒక్కో కౌంటీలో ఒక్కో పద్ధతి ఉంటుంది.